బీ జీస్ అంటే బ్యారీ ఒక్కడేనా? రాబిన్ గిబ్‌కు దక్కవలసిన పేరు దక్కిందా?

పాతక్యాసెట్లు
నిన్న రాత్రి ఒక టీవీ చానల్లో అరవైలు, డెబ్బైల నాటి పాశ్చాత్య పాటల మీద కార్యక్రమం వచ్చింది. బ్యారీ, రాబిన్, మారిస్ అనే ముగ్గురు గిబ్ అన్నదమ్ముల బృందం బీ జీస్ దగ్గరకు వచ్చేసరికి 'మసాచుసెట్స్' పాట వేశారు. పాట సాగినంతసేపూ తెర మీద బ్యారీ గిబ్ గడ్డాన్నీ జుట్టునూ చూపించారు. ఆ పాటలో ప్రధాన గాత్రం రాబిన్‌ది! 1967 అక్టోబరులో బ్రిటన్‌లో ఆ బృందానికి మొట్టమొదటి నంబర్ వన్ తెచ్చిపెట్టిన గొంతు అది. కార్యక్రమం మొత్తంలో ఆయన పేరు ఒక్కసారి కూడా పలకలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఒక్క చానల్‌నే అని లాభం లేదు. బీ జీస్ అనగానే అందరికీ గుర్తొచ్చేది తెల్ల దుస్తులు, డిస్కో దీపాలు, ఆ సన్నటి పైస్థాయి గొంతు. అదంతా బ్యారీ. అంతకు పదేళ్ళ ముందు ఆ బృందాన్ని నిలబెట్టిన పాటలు ఎవరి గొంతులో పుట్టాయో అడిగేవారు లేరు. ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకడు కావడం వల్లనే రాబిన్ నష్టపోయాడని నా వాదన. 1969లో విడిపోయినప్పుడు తిరిగి రాకుండా ఉండవలసింది. మీరేమంటారు?

గోదావరిగట్టు
విడిపోయి ఏం సాధించాడండీ? ఏడాదిన్నర తిరక్కుండానే వెనక్కి వచ్చేశాడు కదా.

పాతక్యాసెట్లు
ఏం సాధించాడా? 'సేవ్డ్ బై ద బెల్' ఒక్కటే పాడి బ్రిటన్‌లో 2వ స్థానం దాకా వెళ్ళాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు. పైగా ఆ పాటలో డ్రమ్ములు మనిషి వాయించినవి కావు, యంత్రంతో వాయించినవి. పాప్ సంగీతంలో డ్రమ్ మెషీన్ వాడిన తొలి రికార్డుల్లో అది ఒకటి. 1969లో అది ఎంత ధైర్యమో ఆలోచించండి.

కొత్తగా_విన్నాను
నేను ఈ మధ్యే వినడం మొదలుపెట్టాను. అసలు అన్నదమ్ముల మధ్య గొడవ దేని గురించి? డబ్బా?

రాగమాలిక
డబ్బు కాదు, ఒక రికార్డుకు ఏ వైపు ఏ పాట ఉండాలన్నది.

1969 మొదట్లో 'ఒడెస్సా' అనే జంట ఆల్బమ్ తయారైంది. ఎర్ర మఖమలు అట్టతో వచ్చింది, సేకరించేవాళ్ళు ఇప్పటికీ దాని కోసం వెతుకుతారు. అందులోంచి సింగిల్‌గా, అంటే వైపుకొక పాట ఉండే చిన్న రికార్డుగా, ఏ పాట విడుదల చేయాలి? బ్యారీ పాడిన 'ఫస్ట్ ఆఫ్ మే'నా, రాబిన్ పాడిన 'ల్యాంప్‌లైట్'నా? మేనేజర్ రాబర్ట్ స్టిగ్‌వుడ్ బ్యారీ పాటను ముందు వైపు పెట్టి, రాబిన్ పాటను వెనక్కి నెట్టాడు. మార్చి వచ్చేసరికి రాబిన్ బృందం వదిలి వెళ్ళిపోయాడు.

అయితే అది చివరి గడ్డిపోచ మాత్రమే. 1967 ఆరంభంలో ఆస్ట్రేలియా నుంచి ఓడలో ఇంగ్లండు చేరిన కుర్రవాళ్ళు రెండేళ్ళలో ఊపిరి తీసుకోకుండా ఆల్బమ్ తర్వాత ఆల్బమ్ చేశారు. వయసు చూడండి: 1967లో బ్యారీకి ఇరవై, కవలలు రాబిన్, మారిస్‌లకు పదిహేడు. ఇల్లూ, ఉద్యోగమూ, మేనేజరూ, పోటీదారూ అన్నీ ఒకే గదిలో ఉంటే ఎవరికైనా ఊపిరాడదు.

మాంచెస్టర్_మురళి
రాగమాలిక గారు చెప్పినదానికి వెనుక కథ కూడా ఉంది. కవలలు పుట్టింది ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలోని డగ్లస్‌లో, 1949 డిసెంబరు 22న. రాబిన్ ముందు, మారిస్ ముప్పై అయిదు నిమిషాల తర్వాత. తండ్రి హ్యూ డ్రమ్ములు వాయించేవాడు, హోటళ్ళలో నాట్యానికి వాయించే వాద్యబృందాలు నడిపేవాడు. ద్వీపంలో పని తగ్గాక కుటుంబం మాంచెస్టర్‌లోని చోర్ల్‌టన్‌కు వచ్చింది.

అక్కడి గోమాంట్ సినిమా హాల్లో ఆటకూ ఆటకూ మధ్య పిల్లలు రికార్డు వేసుకుని పాడినట్టు పెదవులు కదిపే అలవాటు ఉండేది. 1957లో గిబ్ పిల్లలు అందుకే బయలుదేరారు. దారిలో రికార్డు కింద పడి పగిలింది. చేసేదేమీ లేక నిజంగానే పాడేశారు. అప్పుడు కవలలకు ఎనిమిదో ఏడు. నేను ఉండేది ఆ చుట్టుపక్కలే. వాళ్ళున్న కెపెల్ రోడ్డు మీదుగా నడుస్తుంటే, ఇంత మామూలు ఇటుక ఇళ్ళ వరసలోంచి ఆ స్వరాలు వచ్చాయా అని ప్రతిసారీ ఆశ్చర్యపోతాను.

గోదావరిగట్టు
పగిలిన రికార్డు ఎవరిదో గానీ వాళ్ళకు సంగీత ప్రపంచం రుణపడి ఉంది.

బ్రిస్బేన్_భారతి
మా ఊరి భాగం నేను చెప్పాలి మరి. 1958లో కుటుంబమంతా ఆస్ట్రేలియాకు వలస వచ్చింది. ఆఖరి తమ్ముడు, చంటిబిడ్డ ఆండీ తల్లి ఒళ్ళో ఉన్నాడు. క్వీన్స్‌ల్యాండ్‌లో బ్రిస్బేన్‌కు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న రెడ్‌క్లిఫ్‌లో ఇల్లు తీసుకున్నారు. అక్కడి మోటారు పందేల మైదానంలో పందేల మధ్య విరామంలో ముగ్గురూ పాడితే జనం బాట మీదకు చిల్లర విసిరేవారు. పాట అయ్యాక పరుగెత్తి ఏరుకునేవారు.

బృందం పేరు గురించి కూడా ఒక మాట. గిబ్ సోదరులు కాబట్టి బీ జీస్ అని చాలామంది అనుకుంటారు. మొదట ఆ పేరు పెట్టింది బిల్ గేట్స్ అనే రేడియో వ్యాఖ్యాత (కంప్యూటర్ల ఆయన కాదు!). వాళ్ళను ఆయనకు పరిచయం చేసినది పందేల నిర్వాహకుడు బిల్ గుడ్. ఆ ఇద్దరి పేర్లకూ, బ్యారీ గిబ్ పేరుకూ పొడి అక్షరాలు ఒకటే. ఇప్పుడు రెడ్‌క్లిఫ్‌లో వాళ్ళ పేరుతో ఒక వీధే ఉంది, 2013లో బ్యారీ వచ్చి ప్రారంభించారు. కాళ్ళకు చెప్పులు లేని ముగ్గురు పిల్లల కంచు విగ్రహాలు చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది.

పాతక్యాసెట్లు
చూశారా, పేరులో కూడా బ్యారీయే!

స్వరలహరి
పాతక్యాసెట్లు గారి ఆవేదన నాకు అర్థమవుతుంది, కానీ ముగింపుతో ఏకీభవించను. రాబిన్ గొంతును సంగీతం నేర్చుకున్న చెవితో వినండి. అది అందమైన గొంతు అని చెప్పలేం. ముక్కుతో కలిసిన నాదం, విడవకుండా వణికే స్వరం, పై షడ్జం దగ్గర ఏడుపుకు ఒక అడుగు ఇవతల ఆగడం. పాడేటప్పుడు ఒక చెవికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు, తన శ్రుతి తనకు వినబడటానికి. ఆ గొంతు ఒంటరిగా నలభై నిమిషాలు వింటే గుండె బరువెక్కిపోతుంది. 1970లో వచ్చిన 'రాబిన్స్ రెయిన్' ఆల్బమ్ వినండి. పాటలు మంచివే, కానీ ఉపశమనం లేదు.

అదే గొంతు బ్యారీ నిండు గొంతు పక్కన చేరి, కింద మారిస్ స్వరం పట్టుకుంటే ఏమవుతుందో చూడండి. ఒకే ఇంట్లో ఒకే యాసతో పెరిగిన వాళ్ళు కాబట్టి అచ్చులు ఒకే తీరుగా విచ్చుకుంటాయి, పదం ఒకే క్షణంలో తెగుతుంది. ఏ స్వరం ఎవరిదో కొన్నిచోట్ల పట్టుకోలేం. అద్దె గాయకులతో అది రాదు. కుటుంబం రాబిన్‌ను దాచలేదు, ఆయన గొంతుకు సరిపడా చోటు ఇచ్చింది.

తబలా_శాస్త్రి
స్వరలహరి గారి మాటకు వంద వీరతాళ్ళు. మారిస్ పేరు ఎవరైనా ఎత్తారని సంతోషం. బాస్ గిటారు, పియానో, ఆర్గాన్, అన్నీ ఆయనే. అన్నకూ కవలకూ మధ్య రాయబారం కూడా ఆయనే.

కొత్తగా_విన్నాను
'న్యూయార్క్ మైనింగ్ డిజాస్టర్ 1941' అనే పాట విని, ఆ ప్రమాదం గురించి వెతికాను. ఏమీ దొరకలేదు.

రాగమాలిక
దొరకదు. అలాంటి ప్రమాదం న్యూయార్క్‌లో జరగలేదు. 1966 అక్టోబరులో వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడి 144 మంది చనిపోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ విషాదం మనసులో ఉండగా రాసిన పాట అది. లండన్‌లో రికార్డు కంపెనీ భవనంలో కరెంటు పోతే చీకట్లో మెట్ల మీద కూర్చుని కట్టారు. గొంతులు బావిలోంచి వస్తున్నట్టు మోగుతుంటే గని ఊహ వచ్చింది. బయటకు రాగానే చాలామంది రేడియో వాళ్ళు బీటిల్స్ మారుపేరుతో పాడారనుకున్నారు.

ఇంజనీరు_రావు
నాకు నచ్చే ముచ్చట 'ఐ స్టార్టెడ్ ఎ జోక్' బాణీ గురించి. వైకౌంట్ విమానంలో జర్మనీలోని ఎస్సెన్‌కు పోతుండగా ఇంజన్ల హోరులో రాబిన్‌కు ఒక వరస వినిపించిందట. ప్రొపెల్లర్ల విమానం కదా, ఒకే శ్రుతిలో గంటల తరబడి మోగుతూ ఉంటుంది. మనకు చెవుల్లో దూది పెట్టుకోవాలనిపించే చోట ఆయనకు పాట దొరికింది. అమెరికాలో 6వ స్థానం దాకా వెళ్ళిన పాట.

స్వరలహరి
తంబూరా పక్కన కూర్చుంటే రాగం వచ్చినట్టే రావు గారూ, ఇందులో వింత లేదు.

మాంచెస్టర్_మురళి
ఆ పాటల్లోని విషాదానికి ఇంకో కారణం ఉండవచ్చని నాకెప్పుడూ అనిపిస్తుంది. 1967 నవంబరు 5న హేస్టింగ్స్ నుంచి లండన్ వస్తున్న రైలు హిదర్ గ్రీన్ దగ్గర పట్టాలు తప్పింది. 49 మంది చనిపోయారు. ఆ రైల్లో రాబిన్, ఆయన పెళ్ళాడబోయే మాలీ ఉన్నారు. ఇద్దరూ బతికి బయటపడ్డారు. అప్పుడు 'మసాచుసెట్స్' ఊరంతా మోగుతోంది. పద్దెనిమిది కూడా నిండని కుర్రవాడు ఆ రాత్రి చూసినది ఏ పాటలోకి ఎంత వచ్చిందో ఎవరు చెప్పగలరు? కానీ మరుసటి ఏడాదే ఉరిశిక్షకు ముందు భార్యకు కబురు పంపాలనుకునే ఖైదీ మీద 'ఐవ్ గాట్టా గెట్ ఎ మెసేజ్ టు యూ' వచ్చింది, బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది.

సందేహాల_సుబ్బు
అవన్నీ సరే. డిస్కో కాలంలో రాబిన్ ఏం చేశాడు? వీడియోలలో పక్కన నిలబడి తల ఊపడమే కనిపిస్తుంది.

పాతక్యాసెట్లు
నా బాధ కూడా సరిగ్గా అదే సుబ్బు గారూ.

రాగమాలిక
అన్యాయం. ఆ ఘట్టానికి ముందు ఏమైందో చూడాలి. 1970లో మళ్ళీ కలిశారు. 1971లో 'హౌ కెన్ యూ మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్' అమెరికాలో వాళ్ళ మొదటి నంబర్ వన్. బ్యారీ, రాబిన్ కలిసి రాసినది, మొదటి చరణం రాబిన్ పాడినది. గొడవపడి విడిపోయిన ఇద్దరు అన్నదమ్ములు మళ్ళీ కూర్చోగానే విరిగిన మనసు గురించి రాశారు. ఆ తర్వాత జారిపోయారు. 1974కు ఉత్తర ఇంగ్లండులోని బాట్లీ లాంటి చోట్ల, భోజనాలు వడ్డించే క్లబ్బుల్లో పాడే పరిస్థితి. కంపెనీ ఒక ఆల్బమ్‌నే తిరగ్గొట్టింది.

1975లో మయామీ వెళ్ళారు. అక్కడ నిర్మాత ఆరిఫ్ మార్దిన్ 'నైట్స్ ఆన్ బ్రాడ్‌వే' చివర ఎవరైనా శ్రుతిలో అరవగలరా అని అడిగితే బ్యారీ నోట ఆ పైస్థాయి గొంతు బయటపడింది. అది దొరకడమే అందరి బతుకుతెరువు అయింది. ఆ పాటల రచనలో మాత్రం రాబిన్ చెయ్యి ఎప్పుడూ ఉంది. ముగ్గురి పేర్లూ కలిసి ఉన్నవి 'స్టేయింగ్ అలైవ్', 'నైట్ ఫీవర్', 'హౌ డీప్ ఈజ్ యువర్ లవ్'. 1977 డిసెంబరు నుంచి 1979 దాకా వరసగా ఆరు పాటలు అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి. ఆ పాటలున్న 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమా ఆల్బమ్ 24 వారాలు పైస్థానంలో ఉంది. తల ఊపడం కనిపిస్తుంది, రాసిన వాక్యం వీడియోలో కనిపించదు.

తబలా_శాస్త్రి
'స్టేయింగ్ అలైవ్' డ్రమ్ముల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పారిస్ దగ్గర ఒక పాత కోటలో రికార్డు చేస్తుండగా డ్రమ్ములు వాయించే డెనిస్ బ్రయన్ ఇంట్లో కష్టం వచ్చి ఊరికి వెళ్ళాడు. వీళ్ళు 'నైట్ ఫీవర్' టేపులోంచి రెండు ఆవర్తాలు కత్తిరించి, రెండు కొసలూ అతికించి, చుట్టూ తిరిగేలా చేసి దాని మీద పాట కట్టారు. లయ ఎక్కడా ఒక్క వెంట్రుక కూడా కదలదు, అందుకే ఆ నడక వచ్చింది. ఆల్బమ్ మీద వాయించినవారి పేరు 'బెర్నార్డ్ లూప్' అని సరదాగా వేశారు. ఆ మహానుభావుడిని తమ రికార్డుకు వాయించమని పిలవాలని కొందరు నిజంగానే వెతికారట!

గుంటూరు_డాక్టరు
ఆ కదలని లయ మా వృత్తికి పనికొచ్చింది. గుండె ఆగిన మనిషి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఆ పాట వేగం నిమిషానికి సుమారు 103. మా శిక్షణలో నర్సులకు ఈ పాట వినిపించి బొమ్మ మీద నొక్కిస్తాం. పాట పేరు కూడా బతికి ఉండటం గురించే కాబట్టి ఎవరూ మరచిపోరు.

గోదావరిగట్టు
రాబిన్ గారి ఖాతాలో ఇది కూడా రాయాలి మరి.

సందేహాల_సుబ్బు
1979 తర్వాత ఒక్కసారిగా ఎందుకు మాయమయ్యారు?

రాగమాలిక
మాయమవలేదు, వేరేవాళ్ళ పేర్ల వెనక్కి వెళ్ళారు! 1979 జూలై 12న షికాగో కోమిస్కీ పార్కు మైదానంలో రెండు బేస్‌బాల్ ఆటల మధ్య డిస్కో రికార్డులు పేల్చివేశారు, జనం మైదానంలోకి దూకారు. ఆ తర్వాత అమెరికా రేడియోలు వీళ్ళ పాటలు వేయడానికే జంకాయి. దాంతో వేరేవాళ్ళకు రాశారు. బార్బ్రా స్ట్రైసాండ్ 1980లో పాడిన 'వుమన్ ఇన్ లవ్' బ్యారీ, రాబిన్ రాసినదే. కెనీ రోజర్స్, డాలీ పార్టన్ పాడిన 'ఐలండ్స్ ఇన్ ద స్ట్రీమ్', డయానా రాస్ 'చెయిన్ రియాక్షన్', రెండూ ముగ్గురివీ. తమను తిట్టిన రేడియోల్లోనే తమ పాటలు మోగించారు.

రాబిన్ సొంతంగా కూడా ఊరుకోలేదు. 1983లో 'జూలియట్' జర్మనీలో నంబర్ వన్. అంటే బృందంలో ఉంటూనే ఒంటరిగా పాడవచ్చు, వదిలి వెళ్ళనక్కరలేదు. పాతక్యాసెట్లు గారికి నా జవాబు ఇదే.

పాతక్యాసెట్లు
జర్మనీ వాళ్ళకు తెలిసింది మిగతా లోకానికి ఎందుకు తెలియలేదన్నదే నా ప్రశ్న. 1970లో రాబిన్ రెండో సొంత ఆల్బమ్ 'సింగ్ స్లోలీ సిస్టర్స్' దాదాపు పూర్తి చేశాడు. అన్నదమ్ములు కలవగానే అది అటకెక్కింది. 2015 దాకా అధికారికంగా బయటకు రాలేదు, అప్పటికి ఆయన లేడు. నలభై అయిదేళ్ళు! కలయిక వల్ల మనకు వచ్చినవి అందరూ లెక్కపెడుతున్నారు, పోయినది ఎవరూ లెక్కపెట్టరు.

స్వరలహరి
ఈ మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఆల్బమ్‌లో వాద్యబృందం మధ్య ఆయన గొంతు విన్నాను. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ వాడి ఊహ అంటే నమ్మలేం.

బ్రిస్బేన్_భారతి
మా అన్నయ్య, నేను చిన్నప్పుడు ఆకాశవాణిలో లలిత సంగీతం కలిసి పాడేవాళ్ళం. పెళ్ళయ్యాక నేను ఒంటరిగా పాడితే అందరూ బాగుందంటారు, నాకు మాత్రం ఒక పక్క ఖాళీగా వినిపిస్తుంది. అందుకే రాబిన్ తిరిగి రావడం ఓటమి అని నేను అనను. 1988లో ఆండీ ముప్పై ఏళ్ళకే గుండె కండరాల వాపుతో పోయాడు. 2003 జనవరి 12న మారిస్ పోయాడు, మెలిపడ్డ పేగుకు చికిత్స జరుగుతుండగా. కవలను పోగొట్టుకున్నాక రాబిన్, బ్యారీ ఆ పేరును పక్కన పెట్టేశారు. అవమానం వల్లనో నష్టం వల్లనో కాదు, మూడో స్వరం లేదని.

మాంచెస్టర్_మురళి
చివరి ఏళ్ళలో రాబిన్ చేసిన పని గురించి ఇక్కడివాళ్ళు గౌరవంగా చెప్పుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 55,573 మంది బాంబర్ కమాండ్ (బ్రిటన్ బాంబు విమానాల దళం) వైమానికులకు లండన్‌లో స్మారకం లేదని పట్టుబట్టి నిధులు కూడగట్టాడు. 2012 జూన్ 28న గ్రీన్ పార్కులో రాణి దాన్ని ఆవిష్కరించారు. రాబిన్ మే 20నే కన్నుమూశాడు, అరవై రెండేళ్ళకు. కొడుకుతో కలిసి టైటానిక్ మృతుల కోసం కట్టిన సంగీతం ఏప్రిల్ 10న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ వాయించింది. జబ్బు వల్ల దానికీ వెళ్ళలేకపోయాడు.

గుంటూరు_డాక్టరు
పెద్దపేగు క్యాన్సర్. 2010లో పేగు అడ్డుపడి అత్యవసరంగా ఆపరేషన్ జరిగింది. కవల సోదరుడిదీ పేగు సమస్యే కావడం మా లాంటివాళ్ళకు కూడా బాధగా తోస్తుంది.

కొత్తగా_విన్నాను
ఇంత చదివాక రాబిన్ గొంతును గుర్తుపట్టడం నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతక్యాసెట్లు
1972 నాటి 'రన్ టు మీ'. చరణాలు బ్యారీ, పల్లవి రాబిన్. ఒకే పాటలో ఇద్దరూ పక్కపక్కన ఉంటారు కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. తర్వాత 1968 నాటి 'అండ్ ద సన్ విల్ షైన్' వినండి, అక్కడ ఆయన ఒక్కడే.

స్వరలహరి
దీపాలు ఆర్పి వినండి. మరీ అర్ధరాత్రి మాత్రం వద్దు.

కొత్తగా_విన్నాను
రెండూ విన్నాను. ఆగలేక 'ల్యాంప్‌లైట్' కూడా విన్నాను. 'ఫస్ట్ ఆఫ్ మే' కంటే నాకు ఇదే నచ్చింది. స్టిగ్‌వుడ్ తప్పు చేశాడు.

పాతక్యాసెట్లు
అదీ!

గోదావరిగట్టు
తొందరపడకండి. రేడియోలో మూడు నిమిషాల్లో జనాన్ని పట్టుకోవాలంటే 'ఫస్ట్ ఆఫ్ మే'నే ముందు వైపు ఉండాలి. నేను మేనేజర్నైతే నేనూ అదే చేసేవాణ్ణి.

తబలా_శాస్త్రి
అయితే గోదావరిగట్టు గారి బృందంలోంచి మార్చికల్లా అందరం వెళ్ళిపోతాం.